‘గౌరవనీయులైన’ తర్వాత మాటేంది?

ఆగస్టు 15 పొద్దున బడి ఆవరణలో మైకు స్టాండు ఎప్పుడూ హెడ్మాస్టరు గారి ఎత్తుకే బిగించి ఉండేది. మైకుసెట్టు అబ్బాయి ముందురోజు సాయంత్రమే వచ్చి బిగించిపోయిన మర అది, పెద్దవాళ్ళ చేతికే ఓ పట్టాన తిరిగేది కాదు. ఆరో తరగతి పిల్లోడు వచ్చి నిలబడితే మైకు వాడి నుదుటికి ఎదురుగా ఉండేది. వాడేం చేస్తాడు? మునివేళ్ళ మీద లేస్తాడు, గడ్డం పైకెత్తుతాడు, మెడ సాగదీస్తాడు. మెడ సాగితే గొంతు చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. బిగిసిన గొంతులోంచి మాట కీచుగా వస్తుంది. ఆ కీచుగొంతు గుడి కాడ వేపచెట్టుకి కట్టిన బాకాలోంచి తిరిగొచ్చి తన చెవినే పడేసరికి వాడికి పైప్రాణాలు పైనే పోయేవి. కింద కూర్చున్న పెద్దలు మాత్రం ‘పాపం, వాడికి సభాకంపం’ అని తేల్చేసేవాళ్ళు. మర రెండు తిప్పులు వదులు చేసి, మైకుని వాడి గడ్డం కిందకి దించి ఉంటే ఆ కంపంలో సగం అక్కడే దిగిపోయేది.

ఉదయగిరి కొండకింది బడైనా, కొత్తపట్నం సముద్రపొడ్డు బడైనా అదే వరస. మైదా ఉడకబెట్టిన బంకతో పురికొసకి అంటించిన రంగుకాయితాలు, ముగ్గుపిండితో గీసిన గీతలు, ఊరి పెద్దల కోసం ఇళ్ళలోంచి మోసుకొచ్చిన కుర్చీలు, జెండా ఎగిరాక పంచడానికి ఆఫీసు గదిలో దాచిన బిళ్ళల డబ్బా. వక్తృత్వపోటీకి పేరిచ్చిన నలుగురైదుగురికి మాత్రం ఆ డబ్బా మీద ధ్యాస ఉండేది కాదు. ఇస్త్రీ చొక్కా వీపున చెమట, జేబులో నాలుగు మడతల అరఠావు కాయితం, కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టు. బడి వెనక గోడకాడికి రెండు మూడుసార్లు పోయి రావడం కూడా మామూలే.

ఆ కాయితం మీద ఉన్నది తెలుగు అయ్యవారు రాసిచ్చిన ఉపన్యాసం. మూడు రాత్రులు బట్టీ పట్టిన సరుకు. ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, పూజ్యులైన ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా హృదయపూర్వక నమస్కారములు’ దాకా గుక్కతిప్పుకోకుండా వచ్చేసేది. ఆ తర్వాత నోరు తెరిచి ఉండేది, మాట ఉండేది కాదు. ముందు వరసలోంచి ఎవరో ఒకరు ‘ఏందిరా అబ్బయా, తర్వాత?’ అనేవాళ్ళు. పిల్లోడు మళ్ళీ ‘గౌరవనీయులైన’ నుంచి ఎత్తుకునేవాడు. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగేవాడు. మూడోసారికి జనం నవ్వేవాళ్ళు.

అక్కడే ఎందుకు ఆగుతుందో చూడండి. బట్టీ పట్టింది ఎక్కంలాంటిది. పదమూడో ఎక్కం నిద్రలో కూడా చెప్పే పిల్లోణ్ణి ‘పదమూడు ఏడులు ఎంత?’ అని మధ్యలో అడిగితే ఒకటి నుంచి లోపల గొణుక్కుంటూ రావాల్సిందే. ఒక మాట ఇంకో మాటని లాక్కొస్తుంది తప్ప ఏ మాటా సొంతంగా నిలబడదు. నమస్కారం చెప్పేటప్పుడు వాడు చేతులు జోడించి తల వంచుతాడు. తల ఎత్తగానే ఇంట్లో వల్లె వేసినప్పుడు లేనిది ఒకటి ఎదురవుతుంది: రెండు మూడొందల మొహాలు, అన్నీ తనవైపే. కొక్కెం అక్కడ ఊడుతుంది. మనసులో ఒక్కసారికి పట్టేది కొంచెమే. ఆ కొంచెం చోటునీ ‘నా గురించి ఏమనుకుంటున్నారో’ అన్న చింత ఆక్రమించేస్తే తర్వాతి వాక్యానికి చోటు మిగలదు. చదువులో వెనకబడ్డ పిల్లలకంటే మార్కులు బాగా వచ్చే పిల్లలే ఇక్కడ ఎక్కువగా బోల్తాపడేవాళ్ళు. వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా చెప్పాలనుకుంటారు గనక.

బాగా మాట్లాడేవాళ్ళు చేసే ఏర్పాటు దీనికి వేరేగా ఉంటుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి ఒక్క వాక్యం మాత్రమే కంఠతా. మధ్యదంతా వాక్యాలుగా కాక గుర్తులుగా పెట్టుకుంటారు. స్వాతంత్ర్య దినం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలంటే పోస్టుకార్డంత అట్టముక్క మీద అయిదే మాటలు, వరసకొకటి, వేలెడు అక్షరాలతో: 1857, దండి 1930, క్విట్ ఇండియా 1942, ఆగస్టు 15, మన ఊరు. ఒక మాట మర్చిపోయినా తర్వాతి దానికి దూకొచ్చు, గొలుసు తెగే భయం లేదు. ఇంకొకటి. ఇంట్లో గడియారం పెట్టుకుని అయిదు నిమిషాలు వచ్చిన మాట వేదిక మీద మూడున్నరకే అయిపోతుంది, భయంలో వేగం పెరుగుతుంది గనక. అందుకని ఎక్కువ రాసుకోవడం మందు కాదు. ప్రతి గుర్తు దగ్గరా లోపల రెండంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగడమే.

మైకు సంగతి ఇంకొంచెం చెప్పాలి. సభాభయం గురించి రాసేవాళ్ళు మనసు గురించి బోలెడు రాస్తారు గానీ బాకాల గురించి ఎవరూ రాయరు.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక ఇక్కడ, బాకా 70 మీటర్ల అవతల గుడికాడ అనుకోండి. మాట్లాడిన మాట సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వెనక్కొచ్చి చెవిలో పడుతుంది. అంతలో మన నోరు ఇంకో అక్షరం దాటిపోయి ఉంటుంది. నోరు ఒకటి పలుకుతుంటే చెవి ఇంకోటి వింటుంది. తన గొంతు తనకే ఇంత ఆలస్యంగా వినిపించేటట్టు చేస్తే గడగడా మాట్లాడేవాడు కూడా సాగదీస్తాడు, తడబడతాడు, నత్తి వచ్చినట్టు అక్షరాలు రెట్టిస్తాడు. ఇది ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూసిన విషయం, అయిదో వంతు సెకను దగ్గరే తడబాటు మరీ ఎక్కువ. అంటే మన ఊరి మైకుసెట్టు, ఎవరూ అనుకోకుండానే, మనిషిని తడబెట్టే యంత్రంలా అమిరేది! పిల్లోడు తప్పు తనదే అనుకునేవాడు. నెల్లూరు వీఆర్ కాలేజీ మైదానంలోనో ఒంగోలు ఏబీఎం మైదానంలోనో పాతకాలం నాయకులు ‘సోదర... సోదరీమణులారా...’ అంటూ రెండు మాటలకోసారి ఆగడం వినే ఉంటారు. అదంతా గాంభీర్యం కోసమే అనుకుంటాం. దూరపు బాకా మాట వచ్చి పడేదాకా ఆగకపోతే తర్వాతి మాట దాంతో కలిసి ముద్దయిపోతుందని వాళ్ళకి అనుభవం మీద పట్టుబడింది. చిన్న ముక్క, ఆగు, చిన్న ముక్క, ఆగు. దానికి తిరుగులేదు.

ఇక ‘కుయ్‌’మని చెవులు చిల్లులు పొడిచే కూత. బాకాలోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ మైకులో దూరి, ఆంప్లిఫయరులో పెద్దదై, మళ్ళీ బాకాలోంచి వచ్చి, తిరిగి మైకులోకి పోయే గిరగిర అది. బాకాలు మైకుకి ముందువైపు ఉండి, జనంవైపు తిరిగి ఉండాలి. వేదిక వెనకో, మాట్లాడేవాడి నెత్తిన ఉన్న కొమ్మకో కడితే కూత తప్పదు. కూత రాగానే చాలామంది మైకు మూతిని అరచేత్తో మూస్తారు, దాంతో కూత పెరుగుతుంది. చెయ్యి తీసి, మైకుని నోటికి దగ్గరగా జరిపి, ఆంప్లిఫయరు మీద శబ్దం తగ్గించమని సైగ చెయ్యాలి. ఆ సైగ అందుకోవాల్సినాయన సరిగ్గా అప్పుడే టీ తాగడానికి పోయి ఉంటాడు, అది వేరే సంగతి. మైకుకీ నోటికీ మధ్య ఓ బెత్తెడు ఎడం చాలు. మరీ ఆనించి మాట్లాడితే ‘ప’, ‘భ’ అన్నప్పుడల్లా టపాకాయ పేలినట్టు ఉంటుంది. మైకు ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, గడ్డం కింద ఉంటే గాలి దెబ్బ దానికి తగలదు, మొహమూ జనానికి కనపడుతుంది.

ఇప్పుడు ఒంటి సంగతి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం అందుకుంటుంది, రక్తం పెద్ద కండరాలకి మళ్ళుతుంది, వేళ్ళు చల్లబడతాయి, వణుకుతాయి, లాలాజలం తగ్గి నాలుక అంగిట్లో అంటుకుంటుంది. పులి ఎదురైతే పరిగెత్తడానికో తిరగబడడానికో ఒళ్ళు చేసుకునే ఏర్పాటు ఇది. మైకు ముందు పరిగెత్తలేం, తిరగబడలేం. ఆ బలమంతా ఎటూ పోక కాళ్ళలో, చేతుల్లో వణుకై తిరుగుతుంది. పెద్ద పెద్ద వక్తలకీ ఇది ఉంటుంది, వాళ్ళు దాన్ని లెక్కచెయ్యరంతే.

చేతిలో కాయితం ఉంటే ఆ వణుకు ఊరందరికీ తెలుస్తుంది. అరఠావు కాయితం చివర వేళ్ళ వణుకుకి పదింతలు రెపరెపలాడుతుంది, పైగా మైకులో ఆ గరగర వినపడుతుంది. అట్టముక్కయితే కదలదు. మోకాళ్ళు బిర్రుగా వెనక్కి లాగి నిలబడితే వణుకు పెరుగుతుంది, వాటిని కాస్త సడలించి, పాదాల మధ్య జానెడున్నర ఎడం ఉంచాలి. ‘గట్టిగా దమ్ము లాగి మాట్లాడరా’ అని వీపు తట్టి పంపే పెద్దలు ఉండేవాళ్ళు. మంచి మనసే గానీ తప్పు సలహా. గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు లాగితే రక్తంలో బొగ్గుపులుసు గాలి తగ్గి తల తిరుగుతుంది, పెదాలు తిమ్మిరెక్కుతాయి. కావలసింది లాగడం కాదు, వదలడం. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా వదలాలి. బొడ్డు మీద చెయ్యి వేసుకుంటే పొట్ట కదలాలి, భుజాలు లేవకూడదు. పేరు పిలవడానికి ముందు అయిదారుసార్లు చాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే నెమ్మదిస్తుంది, దాన్నే కాస్త పొడిగిస్తున్నామన్నమాట.

నోరు ఎండడానికి నాటకాల వాళ్ళ దగ్గర మంచి విరుగుడు ఉండేది, బుగ్గన కరక్కాయ ముక్క. వగరుకి నోట్లో నీళ్ళూరతాయి. ఎక్కే ముందు దాన్ని తీసెయ్యాలనేది మాత్రం మర్చిపోకూడదు. గోరువెచ్చని నీళ్ళు రెండు గుక్కలు కూడా పనిచేస్తాయి. ధైర్యానికని స్ట్రాంగు కాఫీ తాగితే అసలే పరిగెడుతున్న గుండెకి ఇంకో కొరడా. ఈమధ్య కొందరు వణుకు తగ్గడానికి బీపీ మాత్రలు వేసుకుని ఎక్కుతున్నారు. ఆ రకం మాత్ర ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు.

ఇంతకీ మొహాలు చూస్తే భయమెందుకు? ‘నరుడి దృష్టికి నాపరాళ్ళైనా పగులుతాయి’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పదిమంది చూపు ఒక్కచోట పడితే దానికి ఒక బరువుంది. జర్మనీలో 1993లో తయారుచేసిన ఒత్తిడి పరీక్ష ఒకటుంది. మొహాన నవ్వన్నది లేని ఇద్దరు ముగ్గురు పరీక్షకుల ముందు అయిదు నిమిషాలు మాట్లాడమంటారు, ఆ తర్వాత 1022 నుంచి పదమూడేసి తీసేస్తూ రమ్మంటారు. ఒంట్లో ఒత్తిడి హార్మోను పెరగాలంటే ప్రయోగశాలల్లో ఈనాటికీ ఎక్కువగా వాడేది దీన్నే. మళ్ళీ పదమూడే! మన బడిలో పదమూడో ఎక్కం నలుగురి ముందు నిలబెట్టి అప్పజెప్పించుకున్న అయ్యవారికి ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

నిలబెట్టడం అంటే గుర్తొస్తోంది. మన బళ్ళల్లో ఒంటరిగా నిలబడటం అంటే ఏమిటి? శిక్ష. లెక్క తప్పితే బెంచీ ఎక్కు. ఆలస్యమైతే గుమ్మంలో నిలబడు. అల్లరి చేస్తే గోడకుర్చీ. మార్కాపురం పలక మీద తప్పు రాస్తే ఆ పలకని మెడకి ఎదురుగా పట్టుకుని తరగతంతా తిప్పిన ఊళ్ళూ ఉన్నాయి. అయిదేళ్ళపాటు ‘అందరూ కూర్చుని ఉండగా నేనొక్కణ్ణే నిలబడ్డానంటే ఏదో తప్పు చేశాను’ అని ఒంటికి నేర్పించి, ఆరో ఏడు ఆగస్టు 15న ‘రా, అందరి ముందు నిలబడి ధైర్యంగా మాట్లాడు’ అంటే ఒళ్ళు ఏమనుకోవాలి? మన ప్రాంతంలో సభాభయానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. పుట్టుక, సిగ్గు, ఇవన్నీ దీని తర్వాతే.

చావుకంటే జనం ముందు మాట్లాడటానికే మనిషి ఎక్కువ భయపడతాడని ఓ మాట ప్రచారంలో ఉంది. దాని మూలం 1973లో అమెరికాలో చేసిన సర్వే. తమకున్న భయాలన్నీ చెప్పమంటే 41 శాతం మంది జనం ముందు మాట్లాడటం అన్నారు, 19 శాతం మంది చావు అన్నారు. ఎక్కువమందికి ఉంది అన్నారు గానీ, ఎక్కువ భయం అనలేదు. 2012లో అక్కడి విద్యార్థులనే ‘అన్నిటికంటే పెద్ద భయం ఏది?’ అని విడిగా అడిగితే చావే మొదటికి వచ్చింది. ఎంతైనా చావు చావే కదా.

చూపుల బరువు గురించి ఇంకో ప్రయోగం ఉంది, 2000లో అచ్చయింది. నలుగురూ నవ్వే బొమ్మ ఉన్న చొక్కా ఒక విద్యార్థికి తొడిగి గదిలోకి పంపి, ఎంతమంది గమనించి ఉంటారో చెప్పమన్నారు. దాదాపు సగం మంది అన్నాడు. నిజంగా గమనించింది నాలుగో వంతు. వేదిక మీదా అంతే. మన గుండె దడ మనకి డప్పులా వినిపిస్తుంది గనక మూడో వరసకీ వినపడుతుందనుకుంటాం. వినపడదు. లోపలి వణుకు బయటికి తెలిసేది చాలా తక్కువ అన్న ఒక్క సంగతి ముందుగా చెప్పి పంపితే వక్తలు మెరుగ్గా మాట్లాడారని కూడా పరీక్షించి చూశారు. ‘ఎదురుగా ఉన్నోళ్ళని రాళ్ళనుకో’ అని మనవాళ్ళిచ్చే సలహాకంటే ఇది నయం. రాళ్ళతో ఎవరు మాట్లాడతారు? తలల మీదుగా గోడని చూస్తే జనం చిన్నబుచ్చుకుంటారు, మన మాటకీ ఆనవాలు దొరకదు. ఎడమన ఒకరు, నడుమ ఒకరు, కుడిన ఒకరు, మొహాన కాస్త నవ్వున్న ముగ్గుర్ని ఎంచుకుని, ఒక్కో వాక్యం ఒక్కొక్కరికి పూర్తిగా చెప్పాలి. గేదెల ముందు, అద్దం ముందు సాధన చేసినవాళ్ళు వేదిక మీద తేలిపోయేది ఇందుకే. గేదె మనకి మార్కులు వెయ్యదు. అమ్మ, పక్కింటి పిన్ని, వెటకారంగా చూసే బావ, ఇట్టాంటి అయిదుగురి ముందు నిలబడి గొంతెత్తి మూడుసార్లు చెబితే అది సాధన.

ఇంట్లో ఒకటి, ఎదురుపడితే ఒకటి అన్నదానికి నెల్లూరు కవి ఇచ్చిన బొమ్మ మనందరికీ తెలుసు. తిక్కన విరాటపర్వంలో ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని గెలిచేసి, సేన కళ్ళబడగానే రథం దిగి పారిపోతాడు. ఆ పేరు తిట్టుగా స్థిరపడిపోయింది. నిజానికి అది వేదికెక్కే ప్రతివాడి మొదటి నిమిషం. భయం అన్నిటికంటే ఎక్కువుండేది పేరు పిలిచినప్పటి నుంచి మొదటి నిమిషం దాటేదాకా. ఆ తర్వాత దానంతటదే దిగడం మొదలుపెడుతుంది. ఆ నిమిషంలో దిగిపోయినవాడికి మాత్రం దిగినందువల్లే బతికాను అన్న పాఠం ఒంటికి పడుతుంది, రెండోసారి భయం రెట్టింపవుతుంది. అర్జునుడు ఉత్తరుణ్ణి ఇంటికి పంపలేదు, పట్టుకొచ్చి పగ్గాలు చేతికిచ్చాడు. చెయ్యడానికి చిన్నపని ఒకటి.

గాంధీగారిది ఇంకా దగ్గరి ఉదాహరణ. లండన్‌లో శాకాహారుల సంఘంలో రాసుకొచ్చిన కాయితం కూడా చదవలేక ఇంకొకరి చేత చదివించారు. 1891లో ఇంటికి బయల్దేరేముందు విందులో మొదటి వాక్యం దాటలేదు. బొంబాయిలో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగి, కూర్చుండిపోయి ఫీజు వాపసు ఇచ్చేశారు. ఇవన్నీ తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నారు. ఆయన గొంతు విప్పింది 1893లో ప్రిటోరియాలో, కొద్దిమంది భారతీయ వ్యాపారుల ముందు. మాట్లాడింది వ్యాపారంలో నిజాయితీ గురించి. తనకి బాగా తెలిసిన సంగతి, తనకి అవసరమైన సంగతి, తనే పోగుచేసుకున్న నలుగురు. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించడానికి వచ్చేనాటికి ఆయన మాట కోసం ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవి.

నాటకాలవాళ్ళ సంగతి చిత్రంగా ఉండేది. నెల్లూరు టౌన్‌హాల్లోనో, తిరునాళ్ళలో కట్టిన తడికెల స్టేజీ మీదో, కృష్ణుడి వేషంలో ఒక్క పద్యాన్ని పావుగంట రాగం తీసి వన్స్‌మోర్ అనిపించుకున్నాయన, వేషం తీశాక శాలువా కప్పి ‘రెండు ముక్కలు మాట్లాడండి’ అంటే చేతులు నలుపుకునేవాడు. వేషంలో ఉన్నప్పుడు మార్కులు కృష్ణుడికి పడతాయి, విడిగా ఉన్నప్పుడు తనకి పడతాయి. పైగా వేషంలో ఆయన ఒంటరి కాదు. హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుంది, తెర పక్కన చిన్న టార్చిలైటుతో మాట అందించే మనిషి ఉంటాడు. ఆ అందించడం కూడా ఒక విద్య. వాక్యం మొత్తం అందిస్తే నటుడు చెవులు అటు వేసి మాట చంపేస్తాడు. మొదటి రెండు మాటలు, అదీ ఊపిరి తీసుకునే సందులో అందించాలి. వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నప్పుడు ఒంగోలులో నాటకాలాడారు. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు, మద్రాసులో తుపాకుల ముందు నిలబడ్డ మనిషికి జనం ముందు నిలబడటం అప్పటికే పాత అలవాటు.

హరికథల్లో ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అనగానే జనం ‘హరి’ అందుకుంటారు. బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అంటారు, పక్కవాడు కొంటె ప్రశ్న వేస్తాడు. భక్తి, హాస్యం సంగతి అట్టుంచితే, కథకుడికి ఊపిరి పీల్చుకునే సందు అది. తర్వాతి మాట వెతుక్కునే సందు కూడా. బడిలో ఇట్టాంటిదే ఒకటి రోజూ జరిగేది, మనం గమనించలేదు. ప్రతిజ్ఞ. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులో రాసిన ఆ ప్రతిజ్ఞని ఒకరు చెప్పడం, బడంతా తిరిగి చెప్పడం. చెప్పించేవాడికి ప్రతి ముక్క తర్వాతా నాలుగైదు సెకన్ల విశ్రాంతి, అందరూ తన మాట అందుకున్నారన్న ధైర్యం. జనం ముందు మాట నేర్పడానికి ఇంతకంటే మంచి మొదటిమెట్టు ఎవరూ కనిపెట్టలేరు. దాని మీద రెండో మెట్టు పేపరు చూసి వార్తలు చదవడం, మూడోది ఒక పద్యం చెప్పి భావం చెప్పడం, నాలుగోది సొంతమాట. మెట్లన్నీ ఉన్నాయి. రోజూ ఎక్కింది మాత్రం ఆ ఇద్దరే, క్లాసు ఫస్టు, క్లాసు లీడరు. మిగతా నలభైమంది పదేళ్ళు వరసలో నిలబడి తిరిగి చెప్పి ఇళ్ళకి పోయారు.

పెద్దయ్యాక కొత్తవాడికి సభలో ఇచ్చే పని వందన సమర్పణ. ‘చివర్లో రెండు మాటలేగా’ అంటారు. అన్నిటికంటే కష్టమైంది అదే. వేదిక మీద పద్నాలుగు మంది ఉంటారు, ఒక పేరు జారిందా, ఆ ఇంటికీ ఈ ఇంటికీ రెండేళ్ళు మాటలుండవు. ఈ భయం మాత్రం మనసు కల్పించింది కాదు, పక్కాగా ఉన్న ప్రమాదం. పేర్లు ఇంటిపేరుతో సహా, పలికినట్టే విడదీసి, కూర్చున్న వరసలో కాకుండా పదవుల వరసలో రాసుకోవాలి. ఆలస్యంగా వచ్చి పక్కన ఇరుక్కుని కూర్చున్నాయన కోసం అట్ట కింద రెండు గీతలు ఖాళీ వదలాలి. మైకుసెట్టు, షామియానా వాళ్ళని చివర కలపాలి. కొత్తవాళ్ళకి దీనికంటే బహుమతులు గెలిచినవాళ్ళ పేర్లు చదివే పని ఇవ్వడం మేలు, ఏ పేరు చదివినా చప్పట్లే.

చదువుకున్నవాళ్ళ సభల నుంచి బయటికొస్తే, కలిగిరి దగ్గర దూబగుంట ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన కూలీ ఆడవాళ్ళు అక్కడ సారాయి మీద తిరగబడ్డారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అప్పటిదాకా గుమ్మం దాటి పెద్దల ముందు నోరెత్తని మనుషులు కలెక్టర్లకీ మంత్రులకీ ఎదురు నిలబడి మాట్లాడారు. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్ళకి వక్తృత్వం ఎవరు నేర్పారు? ఆ రాత్రిబడి ఎట్టా ఉండేదో తలుచుకుంటే తెలుస్తుంది. లాంతరు చుట్టూ గుండ్రంగా, నేల మీద, అందరూ ఒకే ఎత్తులో కూర్చునేవాళ్ళు. ఒక్కరే నిలబడింది లేదు, బెంచీ ఎక్కిందీ లేదు. వాచకంలో పాఠం చదివి ‘మన ఊళ్ళో ఎట్టుంది?’ అని మాట్లాడుకోవడం. మొగుడి కూలి డబ్బులు ఏ కొట్టులోకి పోతున్నాయో చెప్పడానికి బట్టీ అవసరం లేదు, మర్చిపోయే గొలుసూ లేదు. ముందు పదిమందిలో, తర్వాత ఊళ్ళో, తర్వాత రోడ్డు మీద. ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టినట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బళ్ళల్లో అరఠావు కాయితం పోయి సెల్‌ఫోన్ వచ్చింది. పిల్లలు ఫోన్‌లో చూసి ఉపన్యాసం చదువుతున్నారు. వణుకు మాత్రం అదే వణుకు, గొలుసు తెగే చోటే కొత్తది: రెండో పేరా మధ్యలో తెర ఆరిపోతుంది, చెమట పట్టిన బొటనవేలి ముద్ర దానికి అందదు, నాలుగంకెల పిన్ను గుర్తురాదు. తప్పక ఫోనే పట్టుకోవాలంటే ఎక్కేముందు తెర ఆరే సమయం పది నిమిషాలకి పెట్టుకోండి, అక్షరాలు పెద్దవి చెయ్యండి, ఏరోప్లేన్ మోడ్‌లో వెయ్యండి. లేకపోతే ‘బాపూజీ ఏమన్నారంటే’ అనే చోట సరిగ్గా అమ్మమ్మ ఫోన్ చేస్తుంది, అదీ మైకుకి బెత్తెడు దూరంలో.